పై కన్ను, కింది కన్ను

ఉక్కునగరంలో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన ఒకాయన దగ్గర రెండు కళ్ళ కెమెరా ఒకటి ఉండేది. విశాఖ స్టీలు ప్లాంటు లేస్తున్న రోజుల్లో సోవియట్ ఇంజనీర్లు ఇక్కడే కాపురాలుండేవారు. వాళ్ళలో ఒకాయన స్వదేశానికి వెళ్ళిపోతూ, తనతోపాటు మసి పూసుకు తిరిగిన కుర్ర ఫిట్టరు చేతిలో దాన్ని పెట్టి, భుజం తట్టి వెళ్ళాడు.

దాని పేరు లుబితెల్-2. 1955లో లెనిన్‌గ్రాడ్ కార్ఖానాలో మొదలైన మోడల్. నల్లటి బేకలైటు ఒళ్ళు, ముందువైపు ఒకదాని మీద ఒకటిగా రెండు లెన్సులు. పై లెన్సులోంచి వచ్చిన వెలుతురు లోపలున్న ఏటవాలు అద్దం మీద పడి పైకి మళ్ళుతుంది. నెత్తి మీది మూత తెరిచి, కెమెరాను పొట్ట దగ్గర పెట్టుకుని తల వంచితే ఎదుటి మనిషి అందులో కనబడతాడు, కాకపోతే కుడి ఎడమలు తారుమారై. కింది లెన్సు గాజుల మధ్య షట్టరు, వాటి వెనక ఫిల్ము. రెండు లెన్సుల అంచులకీ పళ్ళుంటాయి కాబట్టి ఒకదాన్ని తిప్పితే రెండోదీ తిరుగుతుంది. పై కన్ను చూస్తుంది, కింది కన్ను పట్టుకుంటుంది.

క్వార్టర్సు ఖాళీ చేసి గాజువాకలో సొంతింటికి మారే రోజున ఆ కెమెరా అటక మీంచి జారి గచ్చు మీద పడింది. అసలే ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టనిది. తీసి చూస్తే ఒక మూల బేకలైటు పెచ్చు ఊడింది. వెనక తలుపు సందు పడింది. అద్దం మచ్చలు పట్టి ఉంది. సముద్రపు గాలికి లెన్సు లోపల బూజు పోగులు పోగులుగా పాకింది. లెన్సులు ఎటూ తిరగడం లేదు. మరల్లోని గ్రీజు ఎండి జిగురైపోయింది.

"తుక్కువాడికి వేసెయ్యండి," అంది భార్య.

"బ్లాస్టు ఫర్నేసు దగ్గర పంపులు విప్పి బిగించినవాణ్ణే, ఇదో లెక్కా?"

ఆ మాట గొప్పకి అన్నది కాదు. నిజంగానే చెయ్యి తెలిసిన మనిషి. పెచ్చు పోయిన మూలకి ఎరల్డైటులో దీపం మసి కలిపి పూశాడు. ఆరాక వాటర్ పేపరుతో సాపు చేసి బ్రాస్సోతో రుద్దితే అతుకెక్కడో ఆయనకే తెలియలేదు. తలుపు అంచు గాడిలో నల్ల ఉన్ని పోగు కూరి వెలుతురు దూరే సందు మూశాడు. షట్టరు రేకులు బద్ధకంగా తెరుచుకుంటున్నాయి. అలాంటప్పుడు ఏ ఫిట్టరు చెయ్యయినా ముందు నూనె డబ్బా మీదికే పోతుంది. ఈయన ఆగాడు. ఆ రేకులు పొడిగా ఉంటేనే ఆడతాయి, వాటిని పట్టి ఉంచింది పాత నూనె జిడ్డే అని కనిపెట్టి, లైటర్లలో పోసే పెట్రోలుతో కడిగి ఆరబెట్టాడు. బూజుకి హైడ్రోజన్ పెరాక్సైడులో కాస్త అమోనియా కలిపి దూదితో తుడిచాడు. బూజు ఇంకా గాజును తినలేదు, అదొక అదృష్టం. గాజు మీద గంటు పడిపోయి ఉంటే ఏ మందుకీ లొంగేది కాదు.

అద్దం దగ్గర కొంత తంటా వచ్చింది. ఇంట్లో ఉన్న మామూలు అద్దం ముక్క కోసి పెడితే ప్రతి గీతకీ పక్కన నీడ గీత కనిపించింది. మామూలు అద్దానికి పూత వెనక ఉంటుంది. గాజు ముందు ముఖం ఒక బొమ్మను, వెనక పూత ఇంకో బొమ్మను వెనక్కి కొడతాయి. పాడైన జిరాక్సు మిషన్లలో ముందువైపే పూత ఉండే అద్దాలుంటాయని తెలిసి, తుక్కు కొట్టులో ఒకటి సంపాదించి, వేలిముద్ర పడకుండా కోసి అమర్చాడు.

ఇక మిగిలినవి లెన్సులు. రెండిటి ముందు గాజులూ విప్పి, మరల్లో జిగురు కడిగి, కొత్త గ్రీజు పలచగా రాశాడు. మళ్ళీ బిగించేటప్పుడు వాటిని ఎంత లోతుకి బిగించాలన్నది తేల్చుకోవాలి.

లుబితెల్ పైగాజు ఖరీదైన కెమెరాల్లో ఉన్నట్టు మొత్తం గరుకుగా ఉండదు. అంతా నున్నటి దళసరి గాజే, నడి మధ్యన మాత్రం చిన్న గరుకు చుక్క. ఆ నున్నటి గాజు మూలాన దృశ్యమంతా వెలిగిపోతూ కనబడుతుంది. ఫోకస్ కుదిరిందో లేదో చెప్పేది ఆ చుక్క ఒక్కటే. ఆయన సాయంత్రాలు డాబా ఎక్కి కెమెరాను యారాడ కొండ వైపు తిప్పి, లెన్సు మీది అనంతం గుర్తు దగ్గర కొండ అంచు ఆ చుక్కలో గీత గీసినట్టు వచ్చేదాకా పై కంటిని రవ్వంత తిప్పడం, చూడటం, మళ్ళీ తిప్పడం. పని అయిపోయాక కూడా ఊరికే చూస్తూ కూర్చునేవాడు. భార్యను పిలిచి చూపించేవాడు. ఎదురింటి పిల్లల్ని పిలిచి చూపించేవాడు. కొత్త అద్దంలో, కడిగిన గాజులో ఆ కొండ, ఆ మేఘం, ఆరేసిన చీరలు అసలు వాటికంటే బాగున్నాయి.

కింది కన్ను సంగతా? దాన్ని మర ఆగేదాకా బిగించి, పళ్ళు పళ్ళలో కలిపేశాడు. దానిలోంచి ఎవరు చూడొచ్చారు?

400 స్పీడు నలుపు తెలుపు రోలు తెప్పించి ఆర్కే బీచికి వెళ్ళాడు. అక్కడ మ్యూజియంగా పెట్టిన కుర్సురా జలాంతర్గామి ముందు నిలబడి, సోవియట్‌లో పుట్టినదాన్ని సోవియట్‌లో పుట్టినదానితోనే తీస్తున్నానని ముచ్చటపడ్డాడు. మిట్ట మధ్యాహ్నం. లుబితెల్ షట్టరు సెకనులో 250వ వంతు కంటే వేగంగా పోదు. ఆ ఎండకి, ఆ ఫిల్ముకి లెన్సు కన్నాన్ని 22 దాకా మూయక తప్పలేదు. ఊళ్ళో స్టూడియో మూసేసినా ఇంట్లో డార్క్‌రూమ్ వదులుకోని ఒక పెద్దాయన ఉన్నాడు, అందరూ మాస్టారంటారు. ఆయన ఫిల్ము కడిగి ఇచ్చాడు. పన్నెండు బొమ్మలూ బాగున్నాయి. అరచేతిలో పట్టే ప్రింట్లలో చిన్న చిన్న వివరాలు కూడా తేటగా కనబడుతున్నాయి.

ఆ నెల్లోనే అత్తగారు బొబ్బిలి నుంచి వచ్చింది. ఎనభై దాటిన మనిషి, ఇంతవరకూ ఆవిడకి సరైన ఫోటో ఒకటీ లేదు. వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. వెనక గోడకి తేదీల క్యాలెండరు. వెలుతురు అంతంత మాత్రం, అందుకని లెన్సును 4.5 దాకా పూర్తిగా తెరిచి, కెమెరాను స్టాండు మీద పెట్టాడు. పైగాజు మీదికి వంగి భూతద్దం లేపి, ఆవిడ కళ్ళజోడు అంచును గరుకు చుక్కలో పట్టాడు. ఒక రోలంతా తీశాడు.

మాస్టారు ప్రింట్లు ఇచ్చేటప్పుడు ఏమీ అనలేదు. ఇంటికొచ్చి కవరు విప్పితే అత్తగారి మొహం పన్నెండింట్లోనూ చెదిరిపోయి ఉంది.

"అత్తయ్యగారు కదిలిపోయారు," అన్నాడు.

"మా అమ్మ కదల్లేకపోతేనే కదండీ కారు కట్టించి తెచ్చుకున్నాం," అంది భార్య.

ఫిల్ము పాతదన్నాడు. కడిగిన మందు చల్లారిందన్నాడు. స్టాండు ఊగిందన్నాడు. భార్య ఒక బొమ్మను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసి, "క్యాలెండరు మాత్రం భలే పడిందండీ. ఏకాదశి ఏ రోజో కూడా కనబడుతోంది," అంది.

ఆయన ప్రింటు లాక్కుని చూశాడు. నిజమే. అత్తగారి వెనక మూడడుగుల్లో ఉన్న క్యాలెండర్లో అక్షరం అక్షరం చదవొచ్చు.

మర్నాడు కెమెరా సంచిలో వేసుకుని మాస్టారింటికి వెళ్ళాడు.

"దీన్ని ఎక్కణ్ణుంచి చూసి సరిచేశారు గురువుగారూ?" అనడిగాడు మాస్టారు.

"పై కంట్లోంచండీ. మీరూ చూడండి, ఎంత బాగుందో."

"బాగుంది. చాలా బాగుంది. మరి కింది కంట్లోంచి?"

"దాంట్లోంచి ఎవరు చూస్తారండీ?"

"ఫిల్ము చూస్తుంది కదా బాబూ."

మాస్టారు వెనక తలుపు తీశాడు. ఫిల్ము ఆనుకుని పోయే పట్టాల మీద ఒక గరుకు గాజు ముక్క ఉంచాడు, గరుకు వైపు లెన్సు కేసి. షట్టరును బి మీద పెట్టి కేబులు రిలీజుతో తెరిచి నొక్కి ఉంచాడు. లెన్సును పూర్తిగా తెరిచి కెమెరాను కిటికీ బయట దూరంగా ఉన్న నీళ్ళ ట్యాంకు వైపు తిప్పి, నెత్తిన నల్లగుడ్డ కప్పుకుని, ఆయన్నీ లోపలికి రమ్మన్నాడు. గాజు మీద నీళ్ళ ట్యాంకు తలకిందులుగా ఉంది. దాని అంచులు ఎక్కడా నిలబడటం లేదు. పై కంట్లో అదే ట్యాంకు మెట్లు కూడా లెక్కపెట్టేలా ఉంది.

ఫిట్టరు చాలాసేపు పైకీ కిందికీ మార్చి మార్చి చూశాడు.

పళ్ళ చక్రానికి పక్కన మూడు బుల్లి మరమేకులున్నాయి. మాస్టారు వాటిని వదులు చేసి, చక్రాన్ని అనంతం దగ్గరే ఉంచి, లోపలి లెన్సును మాత్రం కొద్దికొద్దిగా బయటికి తిప్పించాడు. తిప్పింది ఫిట్టరే. వెనక గాజు మీద ట్యాంకు అంచు నిలబడింది. మేకులు బిగించారు. ఆ తర్వాతే పై కంటి దగ్గరికి వచ్చారు. దాన్నీ అలాగే వదులు చేసి, కింది గాజు మీద నిలబడిన ఆ అంచే పైనున్న గరుకు చుక్కలోనూ నిలబడేదాకా తిప్పారు.

"ముందు కింద, తర్వాత పైన," అన్నాడు మాస్టారు. "మీరు పైన మొదలుపెట్టి పైనే ఆపేశారు."

ఇంటికొచ్చి కుర్చీ మళ్ళీ వరండాలో వేశాడు. అత్తగారు చీర సర్దుకుని కూర్చుంటూ, "అల్లుడుగారూ, ఈసారి నన్ను తియ్యండి. గోడని తర్వాత తీద్దురుగాని," అంది.

నీతి

తనకు చక్కగా కనబడటం వేరు, పని జరిగేచోట చక్కగా పడటం వేరు. బాగుచేసేవాడు ముందు పని జరిగేచోట పరీక్ష పెట్టి, తన చూపును దానికి లొంగదీసుకోవాలి.

నీతికథ అన్నాక ఇక్కడితో చాలించవచ్చు. కానీ ఈ కథను పక్కదారిలో చదవడం తేలిక. చేతగానివాడు చెయ్యి పెడితే ఇంతే అనో, గురువు లేని విద్య గుడ్డిదనో అనేస్తారు. రెండూ కావు. ఆ ఫిట్టరు చేసిన పనుల్లో వంక పెట్టగలిగింది ఒక్కటే. అదీ చేతిలో లోపం కాదు. ఇదే మనిషి ప్లాంటులో మోటారు షాఫ్టునూ పంపు షాఫ్టునూ కలిపేటప్పుడు కంటితో చూసి సరేననేవాడు కాదు. కప్లింగు దగ్గర డయల్ గేజి పెట్టి, చేత్తో ఒక చుట్టు తిప్పి, ముల్లు ఎంత ఊగిందో చూసేవాడు. రెండు షాఫ్టులు కంటికి ఒకే వరసలో ఉన్నట్టు కనబడటం ఎంత పెద్ద అబద్ధమో ఆయనకి తెలిసినంతగా మనలో ఎవరికీ తెలియదు. మరి ఇంట్లో ఆ బుద్ధి ఏమైంది?

నేననుకోవడం, ప్లాంటులో ఏ పంపూ ఆయనకి యారాడ కొండను చూపించలేదు. కెమెరా చూపించింది. పైగాజులో దృశ్యం అంత ముచ్చటగా ఉన్నప్పుడు, ఇంకో పరీక్ష కావాలన్న ఆలోచనే రాదు. నిర్లక్ష్యం వల్ల జరిగే తప్పులు కొన్నే. చాలా తప్పులు మురిసిపోవడం దగ్గర పుడతాయి. అందులోనూ లుబితెల్ లాంటి చవక కెమెరాలో మురిపించే భాగం పెద్దది, నిజం చెప్పే చుక్క చిన్నది. ఈ కథలో ఇంకొంచెం చేదు సంగతేమిటంటే, ఆ చుక్క కూడా అబద్ధమాడలేదు. పై కన్ను దేన్ని చూస్తోందో అంతవరకు నిజమే చెప్పింది. కింది కంటి సంగతి దానికేం తెలుసు?

బీచి దగ్గర రోలు బాగా రావడం ఇంకో ఉచ్చు. లెన్సు కన్నం 22 దాకా మూస్తే ముందూ వెనకా చాలా లోతు స్పష్టంగా పడుతుంది. ఫోకస్ రెండడుగులు తప్పినా ఆ లోతులో కలిసిపోతుంది. చిన్న ప్రింటు మిగతాది దాస్తుంది. వెలుతురు దండిగా ఉన్న రోజున లోపం ఉండి కూడా బయటపడలేదు. వెలుతురు తగ్గి, కన్నం పూర్తిగా తెరవాల్సి వచ్చి, ఎదురుగా కూర్చున్నది మళ్ళీ మళ్ళీ రాలేని మనిషి అయినప్పుడు బయటపడింది. మనం పెట్టుకునే పరీక్షలు ఎక్కువగా బీచి పరీక్షలే. బళ్ళో ఇన్‌స్పెక్షన్ రోజున బోర్డు మీద లెక్క ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంటుంది, ముందు బెంచీ పిల్లవాడు లేచి టకటకా చెప్పేస్తాడు. వెనక బెంచీ పిల్ల నోటుబుక్కులో ఏం పడిందో చూడాలంటే అక్కడిదాకా నడవాలి.

అలాగని పై కంటి మీద కోపం పెంచుకోనక్కర్లేదు. అది లేని రోజుల్లో ఫోటోగ్రాఫరు నల్లగుడ్డ కింద దూరి, అసలు లెన్సులోంచే గరుకు గాజు మీద బొమ్మ చూసుకునేవాడు. చూపుకి, పట్టుకి తేడా లేదు. కానీ ప్లేటు పెట్టాలంటే ఆ గాజు పక్కకి తియ్యాలి, లెన్సు మూయాలి. ఆ క్షణం నుంచి ఆయన గుడ్డివాడే. ఎదుటి పిల్లవాడు తల తిప్పినా తెలియదు. జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్ ఊరి ఫ్రాంకె, హైడెకె కంపెనీ 1929లో రోలీఫ్లెక్స్ తెచ్చి చాలామందికి ఆ బాధ తీర్చింది. చిన్న కెమెరా, రోలు ఫిల్ము, షట్టరు పడుతున్నప్పుడు కూడా మూసుకోని రెండో కన్ను. ఆ సుఖానికి చెల్లించిన వెల, రెండు కళ్ళనూ ఒక మాట మీద ఉంచే బాధ్యత. ఒక లెన్సున్న కెమెరాలో ఆ బాధ్యత ఈ రూపంలో లేదు.

పైగా, ఫోకస్ కలిసినంత మాత్రాన రెండు కళ్ళూ ఒకటైపోవు. పై కన్ను కింది కంటికి కొన్ని సెంటీమీటర్ల ఎత్తున ఉంది కాబట్టి, దగ్గరి మనిషిని తీసేటప్పుడు పైన నిండుగా కనబడిన తల ఫిల్ము మీద కోతకి గురవుతుంది. రోలీఫ్లెక్స్ వాళ్ళు దీనికోసం గరుకు గాజు కింద ఒక చట్రం పెట్టారు. ఫోకస్ దగ్గరికి తెస్తుంటే అది కదిలి చూపు హద్దును సరిచేస్తుంది. జపాన్‌లో మమియా వాళ్ళది ఇంకా నిక్కచ్చి పద్ధతి. స్టాండుకీ కెమెరాకీ మధ్య పారమెండర్ అనే పరికరం బిగిస్తారు. పై కంటితో బొమ్మ కుదుర్చుకున్నాక దాని మీట తిప్పితే, రెండు లెన్సుల మధ్య ఎంత దూరం ఉందో సరిగ్గా అంతే ఎత్తు కెమెరా పైకి లేస్తుంది. ఇందాక చూసిన కన్ను ఉన్న చోటికే ఇప్పుడు పట్టే కన్ను వస్తుంది. అప్పుడు షట్టరు నొక్కుతారు. నాకు ఆ పరికరం మీద ఒకలాంటి గౌరవం. తేడా లేదని బుకాయించకుండా, తేడాను కొలిచి, దానికి మీట కట్టిన మనుషులు వాళ్ళు.

మాస్టారు లేకపోతే ఫిట్టరు పని నిలిచిపోయేదని కూడా నేననుకోను. ఆయనకి కావలసినవి ఇంట్లోనే ఉన్నాయి. తర్వాత ఆ గరుకు గాజు కూడా సొంతంగానే చేసుకున్నాడు. రెండు గాజు ముక్కల మధ్య ఇంజను వాల్వులు అరగదీసే పేస్టు వేసి, నీళ్ళు చిలకరిస్తూ, గుండ్రంగా రుద్దాడు. పాల రంగు సమంగా వచ్చేదాకా రుద్ది, కడిగి, పట్టాల వెడల్పుకి కోశాడు. మీ అటక మీద ఇలాంటి కెమెరా ఉండి, చెయ్యి పెట్టాలనిపిస్తే, ఆ ముక్క ముందు చేసుకుని, లెన్సులు విప్పకముందే ఒకసారి వెనక పెట్టి చూడండి. రెండు కళ్ళూ అప్పటికే కలిసి ఉంటే, పళ్ళు ఎక్కడ కలిశాయో సూదితో చిన్న గీత గీసి మరీ విప్పండి. గరుకు ముఖం లెన్సు వైపే ఉండాలి, తిరగేస్తే గాజు మందం మేర కొలత తప్పుతుంది. గాజు దొరక్కపోతే ట్రేసింగ్ కాగితం చాలు, వదులు లేకుండా పట్టాల మీద బిగదీసి అంటించాలి. కన్నం మాత్రం 4.5 మీదే ఉంచండి. 16 మీద పెట్టి చూస్తే, మర ఆగేదాకా బిగించేసిన లెన్సు కూడా పాసైపోతుంది.